సామర్లకోట తోటలో గీసిన శాస్త్రం

పద్దెనిమిదో శతాబ్దం చివర గోదావరి మొక్కలు కాగితమెక్కి లండన్ చేరాయి. మొక్కలకు పేర్లు వచ్చాయి, పుస్తకానికి కీర్తి వచ్చింది, దొరకు గౌరవం దక్కింది. ఇక్కడ కూర్చుని కుంచె పట్టినవారికి మాత్రం మన బాకీ ఇంకా తీరలేదు.

కాగితం నిండా మోదుగ కొమ్మ. నల్లని తొడిమల్లోంచి కాషాయపు పూలు చిలుక ముక్కుల్లా వంగి గుత్తులు కట్టాయి. పక్కనే మూడు రేకల ఆకు. ఈనెలు ఒక్కటీ తప్పకుండా అంచుదాకా నడిచాయి. ఆ అందానికి దిగువన ఇంకో లోకం ఉంది. పువ్వును ఎవరో విప్పి, భాగాలు విడదీసి, వరసగా పేర్చారు. నిలువుగా లేచే పెద్ద రేకు ధ్వజం, రెండు పక్కలా బాహువులు, కిందికి వంగిన ద్రోణి. లోపల పది కేసరాలు. తొమ్మిది ఒక కట్టగా అతుక్కుని ఉంటాయి, పదోది విడిగా నిలుస్తుంది.

1795లో లండన్‌లో అచ్చయిన చిత్రం ఇది. పుస్తకం పేరు ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. మూడు పెద్ద సంపుటాలు, 300 చిత్రాలు. 1795లో మొదలై 1820లో గాని పూర్తి కాలేదు. అందులోని మొక్కల్లో చాలా భాగం మన సామర్లకోట చుట్టుపక్కల కోసినవి, అక్కడే గీసినవి, అక్కడే వర్ణించినవి. కళాభిమానులు వీటిని అందమైన బొమ్మలుగా చూస్తారు. వృక్షశాస్త్రజ్ఞులు ఆధారాలుగా చూస్తారు. నిజానికి ఇవి రెండూ కలిసిన పని. శాస్త్రం ముందు జరిగి, బొమ్మ తరవాత అలంకారంగా వచ్చి చేరలేదు. బొమ్మ గీయడమే శాస్త్రం చేయడం. ఆ పని సగం దొర చేశాడు. మిగతా సగం చేసినవారి పేరు పుస్తకంలో ఎక్కడా లేదు.

దండు ఊరికి వచ్చిన వైద్యుడు

సామర్లకోట అంటే ఇవాళ మనకు కుమారారామ భీమేశ్వరుడు గుర్తొస్తాడు, కాకినాడకు బండి మారే రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. అప్పట్లో అది ఈస్టిండియా కంపెనీ దండు విడిసిన ఊరు. 1781లో అక్కడికి సైన్యపు వైద్యుడిగా విలియం రాక్స్‌బర్గ్ వచ్చాడు. స్కాట్లాండ్‌లో 1751లో పుట్టినవాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం చదివి, 1776లో మద్రాసు వైద్య సేవలో చేరాడు. వైద్యుడికి మొక్కలు తెలియాలి, ఆ రోజుల్లో మందుల కొట్టు అంటే సగం అడవే. కానీ రాక్స్‌బర్గ్ ఆసక్తి మందులతో ఆగలేదు.

సామర్లకోటలో అతను కంపెనీ కోసం తోట వేశాడు. ఉత్తరాన ఉన్న కొండల్లో తనంత తానుగా పెరిగే మిరియపు తీగ కనిపిస్తే తెచ్చి నాటాడు. కాఫీ, నీలిమందు, పట్టుపురుగులకు మల్బరీ, సీమపనస, ఇలా ఏది ఈ నేలలో పట్టుకుంటుందో చూశాడు. పెద్దాపురం ప్రాంతంలో రైతులు చెరకు ఎలా నాటుతారో, ఆ లేత చెరకును గుంపులుగా చుట్టి వెదురుకు ఎలా కడతారో, బెల్లం ఎలా వండుతారో గమనించి వివరంగా రాసి పంపాడు. అది అలెగ్జాండర్ డాల్రింపుల్ ‘ఓరియంటల్ రెపర్టరీ’లో అచ్చయింది. రెండు శతాబ్దాల కిందట ఏలేరు ఒడ్డున చెరకు సాగు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇవాళ మనం కూడా ఆ రాతనే చూడాలి.

ఈ కథలో ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడన్‌లోని ఉప్సాలాలో సాక్షాత్తూ లినేయస్ దగ్గర చదివిన శిష్యుడు. మొక్కలను పువ్వులోని కేసరాలు, అండకోశాల లెక్కను బట్టి తరగతులుగా విడదీసి, ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి లినేయస్‌ది. ఆ పద్ధతిని దక్షిణ భారతానికి మోసుకొచ్చినవాడు కోనిగ్. 1768లో తరంగంబాడిలో దిగి, తరవాత కంపెనీ కొలువులో చేరి, తీరమంతా తిరిగాడు. చివరికి 1785 జూన్‌లో జబ్బుపడి కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో దగ్గరుండి వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గ్. అలా లినేయస్ విద్య ఉప్సాలా నుంచి బయలుదేరి మన ఉప్పుటేరు ఒడ్డున ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది.

రెండేళ్లు తిరక్కుండానే, 1787 మే నెలలో, కోరింగ ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ల మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇంజరంలో రాక్స్‌బర్గ్ దాచుకున్న మొక్కల సేకరణ, పుస్తకాలు, ఆస్తిలో చాలా భాగం ఆ నీళ్లలో పోయాయి. ఎండబెట్టి అంటించిన మొక్కలు తడి తగిలితే ఎంతసేపు? అతను మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. మన ఎండకూ తేమకూ చెదలకూ ఉప్పెనకూ తట్టుకుని, సముద్రం దాటి, చూసినవాడికి మొక్కను పచ్చగా చూపించగలిగేది బొమ్మ ఒక్కటే. అతని దగ్గర బొమ్మకు అంత పెద్దపీట దక్కిందంటే ఆశ్చర్యం లేదు.

కత్తి, భూతద్దం, కుంచె

ఇలాంటి బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. కొమ్మ పొద్దున్నే కోసుకు రావాలి. ఎండ ఎక్కితే రేకు వాలుతుంది, రంగు దిగిపోతుంది. చిత్రకారుడు ముందు దాన్ని అసలు కొలతకు కాగితం మీద పెన్సిల్‌తో తేలిగ్గా గీస్తాడు. పెద్ద ఆకు కాగితానికి మించితే చిన్నది చేయడు, ఒక పక్కకు మడిచి చూపిస్తాడు. ఆకు పైభాగం ఎలా ఉందో, అడుగుభాగం ఎలా ఉందో ఆ మడతలోనే తెలిసిపోతుంది. తరవాత రంగు. లేత చిగురు ఎరుపు, ముదురాకు ఆకుపచ్చ, ఎండుటంచు గోధుమ. నూగు ఉంటే సన్న కుంచెతో వెంట్రుక వెంట్రుకగా దిద్దుతాడు.

ఇక అసలు పని దిగువన. పువ్వును సన్నటి కత్తితో నిలువునా చీల్చాలి. భూతద్దం కింద పెట్టి కేసరాలు లెక్కపెట్టాలి. అవి విడివిడిగా ఉన్నాయా, కట్టగా అతుక్కున్నాయా చూడాలి. అండాశయాన్ని అడ్డంగా కోసి గదులెన్నో, విత్తనాలెన్నో చూడాలి. వైద్యుడు లెక్క చెబుతుంటే, చిత్రకారుడు చూసి గీస్తాడు. చిత్రకారుడి కన్ను వేరే చెబితే, మళ్లీ ఇంకో పువ్వు కోయాల్సిందే. కేసరాల లెక్కలో ఒక్కటి తప్పితే మొక్క తరగతే మారిపోతుంది. మోదుగలో ఆ తొమ్మిదీ ఒకటీ సరిగ్గా పడ్డాయి కాబట్టే అది లినేయస్ పద్ధతిలో దాని చోట అది కూర్చుంది.

అక్కడినుంచి బొమ్మలు ఓడెక్కి, నెలల తరబడి ప్రయాణం చేసి లండన్ చేరేవి. 1794 నాటికి రాక్స్‌బర్గ్ కంపెనీ డైరెక్టర్లకు పంపినవి దాదాపు 500. అందులోంచి ఏరి అచ్చు వేయించే పని వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ చూశాడు. విశాఖపట్నంలో ఉండి కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన పాట్రిక్ రసెల్ ముందుమాట రాశాడు. రాగి రేకుల మీద చెక్కి, అచ్చు తీసి, ప్రతి ప్రతికీ చేత్తో రంగులద్దారు. ఆ రసెల్ తానూ తక్కువవాడు కాదు. 1796లో పాముల మీద, 1803లో విశాఖ తీరపు 200 చేపల మీద పుస్తకాలు వేశాడు. వాటిలో మన జాలరులు, పాములవాళ్లు చెప్పిన తెలుగు పేర్లే ముద్రించాడు. రక్తపింజరికి ‘కాటుక రేకుల పొడ’ అన్న పేరు అందులో ఉంది. ఒంటి మీద ఉన్న మచ్చలను అంత సరిగ్గా చూసి పేరు పెట్టినవాళ్లు చదువుకోని పాములవాళ్లు. రాక్స్‌బర్గ్ కూడా మొక్క పక్కన తెలుగు పేరు తప్పకుండా రాసుకున్నాడు. అంటే మొక్క దొర తోటలోకి వచ్చేసరికే దాని గురించి ఊరికి తెలిసినదంతా దానితో పాటు వచ్చింది.

ఒక కొమ్మ, మొత్తం జాతి

మోదుగ మాఘ ఫాల్గుణాల్లో పూస్తుంది. అప్పటికి చెట్టు ఆకు రాల్చి ఉంటుంది. కాయ తరవాతెప్పుడో ముదురుతుంది. బొమ్మలో మాత్రం పువ్వూ ఆకూ కాయా ఒకే కాగితం మీద ఉంటాయి. అలాంటి కొమ్మ ఏ అడవిలోనూ ఏ రోజూ కనిపించదు. మరి ఇది అబద్ధమా? కాదు. చిత్రకారుడు గీసింది ఏదో ఒక చెట్టు రూపాన్ని కాదు. ఏడాది పొడుగునా ఆ చెట్టు పడే అవస్థలన్నీ ఒకచోట చేర్చి, మోదుగ అనే జాతి మొత్తాన్ని గీశాడు. ఎక్కడికి వెళ్లినా మోదుగకు మూడే ఆకులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మారేదేమిటో, మారనిదేమిటో కనిపెట్టడమే జాతిని గుర్తించడం. ఆ ఎరుక సామెతలోనూ ఉంది, లినేయస్ పద్ధతిలోనూ ఉంది, ఆ కాగితం మీదా ఉంది.

అయినా ఆ బొమ్మలో ఒక్క చెట్టు కూడా మిగిలే ఉంది. ఒక ఆకు అంచున పురుగు కొరికిన చోటు ఉంటే దాన్ని అలాగే ఉంచిన బొమ్మలు ఆ కాలపు మన చిత్రాల్లో కనిపిస్తాయి. ఫలానా పొద్దున ఫలానా తోటలో కోసిన ఫలానా కొమ్మ అన్న గుర్తు పోదు. జాతినీ, జీవినీ ఒకే గీతలో పట్టుకోవడం కెమెరాకు నేటికీ కష్టమే. అందుకే ఇప్పటికీ కొత్త జాతిని ప్రకటించేటప్పుడు శాస్త్రజ్ఞులు ఫొటోతో పాటు గీసిన బొమ్మ కూడా ఇస్తారు.

ఇంకో విషయం తెలిస్తే ఈ కాగితాల బరువు అర్థమవుతుంది. వృక్షశాస్త్రంలో ప్రతి పేరుకూ ఒక ప్రమాణం ఉండాలి. ‘ఈ పేరు దీనికే’ అని చూపించడానికి ఒక ఎండు నమూనా దాచి ఉంచుతారు. రాక్స్‌బర్గ్ పేరుపెట్టిన మొక్కల్లో చాలావాటికి అలాంటి నమూనా మిగల్లేదు. అలాంటి చోట అతను గీయించిన బొమ్మనే ప్రమాణంగా తీసుకున్నారు. పాత పేర్ల విషయంలో నియమాలు దానికి ఒప్పుకుంటాయి. అంటే ప్రపంచంలో ఎక్కడైనా ఆ మొక్క పేరు మీద తగువు వస్తే చివరికి సాక్ష్యం చెప్పేది ఆ బొమ్మే. రాక్స్‌బర్గ్ గీయించిన 2,500కు పైగా చిత్రాల ప్రతులు లండన్ దగ్గరి క్యూ ఉద్యానంలోనూ, హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలోనూ ఉన్నాయి. చిత్రకళ ఇంత నేరుగా శాస్త్రానికి చట్టంగా నిలబడిన సందర్భాలు చాలా అరుదు.

చిరువేరు ఎరుపు

శాస్త్రమూ చిత్రమూ కలవడం ఈ తీరానికి దొరలు నేర్పిన విద్య కాదు. అంతకు వందల ఏళ్ల ముందే మన అద్దకంవాళ్లు ఆ పని చేస్తున్నారు. రాక్స్‌బర్గ్ పుస్తకంలో మొదట్లోనే కనిపించే మొక్కల్లో చిరువేరు ఒకటి. చూస్తే గడ్డిలో కలిసిపోయే బక్క మొక్క, తెల్లటి చుక్కల్లాంటి పూలు. దాని వేరులోనే కోరమాండల్ ఎరుపు ఉంది. ఆ బొమ్మకు తోడుగా రాక్స్‌బర్గ్ అద్దకంవాళ్ల పద్ధతిని చాలా వివరంగా రాశాడు.

ఆ పద్ధతి చూడండి. నేత గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు దారి తప్పి పాకదు. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్లతో కలంతో గీస్తారు. అప్పుడు గుడ్డ మీద బొమ్మ దాదాపు కనిపించదు. తరవాత గుడ్డను చిరువేరు వేసి మరిగించిన నీళ్లలో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతాది ఉతుకులో పోతుంది. పటికలోని అల్యూమినియం, వేరులోని అలిజరిన్ నూలు పోగు మీద ముడిపడి విడిపోని ఎరుపు అవుతాయని తరవాతి రసాయనశాస్త్రం చెప్పింది. నలుపుకైతే తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో పులియబెడతారు. ఆ నీటితో గీత గీస్తే, గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎర్రబొమ్మ గీసేటప్పుడు చేయి ఒక ఊహను గీస్తుంది. అది నిజమో కాదో కాగులో ఉడికాక గాని తెలియదు. ప్రయోగశాలలో జరిగే పని ఇదే.

ఆ విద్య కోసమే డచ్చివాళ్లు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్లు నర్సాపురం పక్కన మాధవాయిపాలెంలో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. తీరపు పూలతీగల గుడ్డలు యూరప్ ఇళ్లలో తెరలయ్యాయి, పరుపు దుప్పట్లయ్యాయి. ఆ గుడ్డల మీది తీగకూ, రాక్స్‌బర్గ్ కాగితాల మీది తీగకూ పోలిక చూడగానే తడుతుంది. ఖాళీ చోటును నింపే తీరు, ఆకును ఆకుకు ఎడంగా పరిచే లయ, నీడల మీద కన్నా అంచు గీత మీద నమ్మకం. యూరప్ వృక్షచిత్రంలో మొక్క ఒక వెలుగు కింద నిలబడి ఉంటుంది. మన చిత్రంలో ఎక్కడ చూసినా ఒకే వెలుగు. శాస్త్రానికి కావలసింది కూడా అదే, ఏ భాగమూ నీడలో దాగకూడదు. దొర అడిగిన ఖచ్చితత్వానికి ఈ దేశపు చేతివాటం ముందే సిద్ధంగా ఉంది.

ఈ గొలుసు ఇంకా తెగలేదు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ అంకుడు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని కనిపెట్టి, దాని మీద ప్రయోగాలు చేశాడు. అదే అంకుడు కర్రతో ఏటికొప్పాకలో నేటికీ లక్క బొమ్మలు తిప్పుతున్నారు. అక్కడ చెట్ల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. చిరువేరు వాడకం తగ్గినా, పెడనలో కలంకారీ అద్దకం నడుస్తూనే ఉంది.

కరువును గీసిన తాటాకు

కంపెనీ ఇదంతా మొక్కల మీద ప్రేమతో చేయించలేదు. ఏ చెట్టు అమ్ముడుపోతుంది, ఏ కలప ఓడకు పనికొస్తుంది, ఏ బెరడు దక్షిణ అమెరికా జ్వరం మందుకు బదులవుతుంది, ఇవే దాని ప్రశ్నలు. రాక్స్‌బర్గ్ సోమిద బెరడును జ్వరానికి మందుగా సూచించింది ఆ లెక్కలోనే. ఈ చిత్రాలు ఒక పెద్ద వ్యాపార యంత్రానికి జాబితాలు. ఆ నిజాన్ని దాచి వీటిని మెచ్చుకోవడం సబబు కాదు.

కానీ చూడటం అలవాటైన కన్ను, చూడమన్న దగ్గరే ఆగదు. 1789 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో వానలు వరసగా తప్పాయి. గోదావరి సీమలో ఘోరమైన కరువు పడింది. రాక్స్‌బర్గ్ అప్పుడు సామర్లకోటలోనే ఉన్నాడు. మద్రాసులో ఉన్నప్పటినుంచీ అతనికి వాతావరణం రాసుకునే అలవాటు ఉంది. వాన తగ్గుతున్న లెక్క అతని కాగితాల్లో ఉంది. రెండు వందల ఏళ్ల తరవాత, 1998లో, చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ ఆ లెక్కలను ప్రపంచంలో వేర్వేరు చోట్ల రాసిన వాటితో కలిపి ‘నేచర్’ పత్రికలో వ్యాసం రాశాడు. ఆ కరువు వెనక పసిఫిక్ సముద్రంలో వచ్చిన పెద్ద ఎల్ నినో ఉందని చూపాడు. సామర్లకోట వాన లెక్క భూగోళం వాతావరణాన్ని చదవడానికి పనికొచ్చింది.

ఆ కరువు బొమ్మల్లోకీ వచ్చింది. చిట్టీత పొదను ఇక్కడివారందరూ చూసే ఉంటారు, ఇసుక దిబ్బల మీద పెరిగే పొట్టి ఈత. రాక్స్‌బర్గ్ దానికి ‘ఫీనిక్స్ ఫారినిఫెరా’ అని పేరు పెట్టాడు, పిండినిచ్చే ఈత అని. కాండం నడుమ ఉండే తెల్లటి పిండిని కరువు రోజుల్లో పేదలు తీసి తిన్నారని, దాన్ని వాళ్లు ఎలా తీసేవారో అతను రాశాడు. బొమ్మ చూస్తే ఒక అందమైన ఈత మొక్క, అంతే. పక్కనున్న రాత చదివితే మొక్కను చీల్చి పిండి దంచుకుంటున్న చేతులు కనిపిస్తాయి. తాడి చెట్టుకైతే ఏకంగా రెండు చిత్రాలు కేటాయించారు, పోతుతాడికి ఒకటి, పెంటితాడికి ఒకటి. కల్లుగీత కార్మికుడికి పుట్టుకతో తెలిసిన తేడా అది.

కరువు చూశాక రాక్స్‌బర్గ్ ప్రభుత్వానికి పంపిన సూచనల్లో చెట్లే ప్రధానం. కొబ్బరి, తాడి, ఈత, అరటి, పనస, సీమపనస పెంచితే, వాన తప్పినా మనిషికి ఏదో ఒక ఆహారం మిగులుతుందన్నది అతని వాదన. వరి ఒక్కదాని మీదే బతికే ఊరు వానతో పాటు చస్తుందని అతనికి అర్థమైంది. ఒక పువ్వును విప్పి చూసిన అదే పద్ధతితో అతను ఒక సీమను విప్పి చూశాడు. నది నిండా నీళ్లు సముద్రంలోకి పోతుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చే పరిస్థితి మారడానికి మాత్రం ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇవాళ కోనసీమ గట్ల మీద కొబ్బరీ అరటీ పనసా కలిసి నిలబడి ఉన్నాయి. రైతు ఆ చెట్లు నాటింది తన ఇంటి అవసరం కొద్దీ. అయినా రాక్స్‌బర్గ్ కాగితం మీద రాసిన భద్రత అచ్చంగా అలాంటిదే.

పేరు దక్కనివాళ్లు, దక్కించుకున్నవాళ్లు

మోదుగకు శాస్త్రంలో ‘బ్యూటియా’ అని పేరు. బ్రిటన్ ప్రధానమంత్రిగా పనిచేసిన, మొక్కలంటే ఇష్టపడిన బ్యూట్ ప్రభువు గౌరవార్థం పెట్టింది. మన బూదదర్మి చెట్టుకు ‘కేరియా’ అని పేరు, శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ మీద. రాక్స్‌బర్గ్ పేరు మీద ఎన్ని మొక్కలో. బొమ్మలు ఎంచినవాడి పేరు పుస్తకంలో ఉంది, లండన్‌లో రాగి రేకు చెక్కిన డేనియల్ మెకెంజీ పేరు చరిత్రకు తెలుసు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ కొలువులో ఉంటూ మొదటి గీత గీసిన చిత్రకారుడి పేరు మాత్రం ఆ మూడు సంపుటాల్లో అచ్చు కాలేదు. ప్రతి కేసరాన్నీ లెక్కపెట్టిన ఆ పద్ధతి, పక్కన కూర్చున్న మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. గోదావరి వాళ్లం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అతని గీత మీద ఆధారపడి ఇవాళ్టికీ ప్రపంచం మొక్కలకు పేర్లు నిర్ణయిస్తోంది.

తరవాతి తరంలో కొంత న్యాయం జరిగింది. 1819లో వచ్చిన రాబర్ట్ వైట్ అనే ఇంకో స్కాట్లాండ్ వైద్యుడి తొలి సేకరణల్లో సామర్లకోట, రాజమండ్రి మొక్కలున్నాయి. అతను 1838 నుంచి 1853 దాకా మద్రాసులో రెండు వేలకు పైగా రాతి అచ్చు చిత్రాలతో ‘ఐకోన్స్’ అనే మహాగ్రంథం వేశాడు. వాటిని గీసినవాళ్లలో ముఖ్యులు రంగయ్య, గోవిందు. బొమ్మల అడుగున వాళ్ల పేర్లు అచ్చులో కనిపిస్తాయి. అంతటితో ఆగకుండా, వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయా’ అని పేరు పెట్టాడు. దొరల, ప్రభువుల పేర్ల మధ్య ఒక దక్షిణాది చిత్రకారుడి పేరు లాటిన్ తొడుక్కుని నిలబడింది. తరవాత శాస్త్రజ్ఞులు ఆ మొక్కలను ‘ట్రోపిడియా’ అనే పాత ప్రజాతిలో కలిపేశారు గనుక ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు. కానీ రికార్డులో ఉంది, ఎవరూ చెరపలేరు.

ఎడిన్‌బరో వృక్షోద్యానంలోని హెన్రీ నోల్టీ ఏళ్ల తరబడి ఆ చిత్రాలను వెలికితీసి, 2007లో రంగయ్య, గోవిందు పేర్లు శీర్షికలోనే పెట్టి పుస్తకం వేశాడు. 2019 డిసెంబరులో లండన్ వాలెస్ కలెక్షన్‌లో చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ ఆధ్వర్యంలో ‘ఫర్‌గాటెన్ మాస్టర్స్’ ప్రదర్శన జరిగింది. కంపెనీ కోసం గీసిన భారతీయ చిత్రకారులను కంపెనీ పేరుతో కాకుండా వాళ్ల సొంత పేర్లతో నిలబెట్టిన ప్రదర్శన అది. స్కాట్లాండ్‌లో, లండన్‌లో జరిగిన పని సామర్లకోటలో ఎందుకు జరగకూడదు?

మనం చేయాల్సిన పని

ఈ సీమకు బొమ్మ కొత్త కాదు. రాజమండ్రిలో 1897లో పుట్టిన దామెర్ల రామారావును ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపించాడు. 1925లో, ఇంకా 28 ఏళ్లయినా నిండకుండానే ఆయన పోయాడు. గోదావరి గట్టున ఆయన పేరుతో ఉన్న చిత్రశాల ఇవాళ్టికీ తలుపులు తెరిచే ఉంది. మొక్కలకూ ఈ సీమ కొత్త కాదు. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ లారీలు వెళతాయి. అక్కడి కూలీలు ఆకు చూసి, చిగురు రంగు చూసి రకాన్ని చెప్పేస్తారు. కోరింగ మడ అడవిలో పడవ నడిపేవాళ్లకు తిల్ల ఏదో, కలింగ ఏదో, ఏ మడ ఎక్కడ నిలదొక్కుకుంటుందో తెలుసు. చూసే కన్ను, గీసే చేయి, మొక్కల నేల, మూడూ ఇక్కడే ఉన్నాయి. లేనిదల్లా వాటిని ఒకచోట కూర్చోబెట్టే ప్రయత్నం.

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మూడు సంపుటాలూ స్కాన్ అయి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలోంచి గోదావరి జిల్లాల మొక్కలు ఎంచి, అసలు కొలతలో ముద్రించి, దామెర్ల చిత్రశాలలోనో, కాకినాడలోనో, సామర్లకోటలోనే ఒక బడి హాల్లోనో పెట్టవచ్చు. ప్రతి బొమ్మ పక్కనా లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ మొక్క ఈ చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో రాయాలి. చిరువేరు పక్కన పెడన గుడ్డ, అంకుడు పక్కన ఏటికొప్పాక బొమ్మ ఉండాలి. చిత్రకారుడి పేరు రాసే చోట ‘తెలియదు’ అని వదిలేయకుండా, ‘సామర్లకోటలో గీసిన చిత్రకారుడు’ అని రాయాలి. అది అతనికి దక్కాల్సిన కనీస గౌరవం.

బడుల్లో వృక్షశాస్త్రం అంటే పుస్తకంలోని బొమ్మను నోటుబుక్కులోకి దించడంగా మారిపోయింది. పువ్వును పిల్లలు చేత్తో పట్టుకోరు. ఒక్కసారి ఫాల్గుణంలో పిల్లలకు ఒక్కో మోదుగ పువ్వు ఇచ్చి, రేకులు విప్పించి, కేసరాలు లెక్కపెట్టించి, చూసింది చూసినట్టు గీయమంటే చాలు. ఎవరి బొమ్మ వాళ్లదే అవుతుంది, అన్నిట్లోనూ పది కేసరాలే ఉంటాయి. శాస్త్రం అంటే ఏమిటో, కళ అంటే ఏమిటో, ఒక్క ప్రాణికీ దాని జాతికీ ఉన్న సంబంధం ఏమిటో ఆ ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది. ఆ బొమ్మ కింద పిల్లవాడు తన పేరు రాసుకోవాలి. సామర్లకోట తోటలో కూర్చున్న మనిషికి దొరకని ఆ హక్కును మన పిల్లలకు మొదటి రోజునుంచే ఇవ్వాలి.